నీడ సరఫరాదారు

లకే ముత్యాలపడాలుకి ఒక సందేహం ఉండేది. నిన్నమొన్నటిది కాదు, తండ్రి పోయి తోట చేతికొచ్చిన నాటినుంచీ ఉన్నది. నీడ ఎవరిది?

చెట్టు ఎవరిదో తెలుసు. పట్టాలో ఉంది. రెండెకరాల కాఫీ తోట, అందులో నూట ఎనభై ఆరు సిల్వరోక్ చెట్లు, మూలన ఒక పనస. కానీ పొద్దున్న తన కాఫీ మొక్కల మీద పడుకునే నీడ, మధ్యాహ్నం తిరిగేసరికి లేచి, రాళ్ళగట్టు దాటి, పక్కనున్న కాసులమ్మ వదిన తోటలోకి పోయేది. చెట్టు అడుగు కదలదు. దాని నీడ మాత్రం పొరుగింటికి వెళ్ళి కూర్చుంటుంది. ఆ పూట అది వదినదా, తనదా? మబ్బు పట్టిన రోజున అసలు ఎక్కడికి పోయినట్టు?

ఆశ్రమ పాఠశాలలో తనకు ఎనిమిదో తరగతి దాకా చెప్పిన మాస్టారిని అడిగాడు. "నీడకు బరువు లేదు, కాబట్టి యజమాని లేడు" అన్నారాయన. రామాలయం పూజారిని అడిగితే, అదంతా సూర్యనారాయణమూర్తిదే అన్నాడు. భార్య కొండమ్మ పొయ్యి ఊదుతూ, "ఎవలిదైతే నీకేటి? కాఫీ పళ్ళు మనం కోసుకుంతన్నామా లేదా?" అంది. ఇంట్లో ఆ మాట అక్కడితో ఆగింది. ముత్యాలపడాలు మనసులో ఆగలేదు. రోజూ తెల్లారి తులసికోట దగ్గర దీపం పెట్టి, తోటలోకి అడుగుపెట్టే ముందు చెప్పులు విప్పి, ఎవరిదో తెలియని ఆ నీడకి ఒక దణ్ణం పెట్టుకుని పనిలోకి దిగేవాడు.

చివరికి ఆ సందేహం ఒక బుధవారం నాడు తీరిపోయింది. నీడ ప్రభుత్వానిదని తేలింది.

మొగలిపుట్టు కొండ మీద నలభై గడపల ఊరు. అక్కడ అందరికీ కాఫీయే జీవనం. కాఫీ మొక్క సుకుమారి. ఎండ నేరుగా తగిలితే ఆకు మాడుతుంది, నీడ మరీ చిక్కబడితే పూత పూయదు. సగం ఎండ, సగం నీడ కావాలి. అందుకే పొడుగాటి చెట్ల కింద దాన్ని పెంచుతారు. ఏటా వానలకి ముందు మగవాళ్ళు కత్తులు నడుముకి కట్టుకుని చెట్లెక్కి, కొమ్మలు సవరించి, నేలమీద చేట పెట్టి చూస్తారు. చేటలో సగం వెలుగు, సగం మసక కనబడితే తోట సరిగ్గా ఉన్నట్టు. తాతలనాటి నుంచి ఇదే కొలత.

ఆ బుధవారం బడి వరండాలో గ్రామసభ పెట్టారు. కొత్తగా పుట్టిన నీడ నియంత్రణ విభాగం నుంచి ఉప నీడాధికారి చక్రధరం గారు వచ్చారు. ఆయన వెనక ఒక బ్యానరు కట్టారు. 'పైన కరెంటు, కింద కాఫీ' అని దాని మీద పెద్దక్షరాలు.

"సోదర సోదరీమణులారా!" అని ఆయన మొదలుపెట్టారు. "ఇంతవరకు మీ తోటలయందు లభించుచున్న నీడ అసంఘటిత రంగమునకు చెందినది. చెట్టు తన ఇష్టానుసారము పెరుగుచున్నది. ఎవరి అనుమతీ లేక ఆకు రాల్చుచున్నది. గాలి వీచిన యెడల నీడ అటునిటు ఊగుచున్నది. ఊగెడు నీడను నమోదు చేయుట ఎట్లు? కావున చెట్ల స్థానమున సౌర పలకలు అమర్చి, స్థిరమైన, చతురస్రాకారమైన, లెక్కకు అందు నీడను మీకు సరఫరా చేయుటకు నిర్ణయించడమైనది. ఆ పలకల పైన ఎండ పడి కరెంటు పుట్టును. కింద నీడ పడి కాఫీ పండును. ఒకే ఎండను ప్రభుత్వము రెండుసార్లు వాడుకొనును."

అందరూ చప్పట్లు కొట్టారు. మైకు ఆగింది కాబట్టి కొట్టారు.

కాసులమ్మ లేచి నిలబడింది. అరవై దాటిన మనిషి, ముత్యాలపడాలుకి వరసకి అన్న భార్య. అన్న పోయి చాలా కాలమైంది. ఎకరంన్నర తోట ఒంటి చేత్తో చేసుకుంటుంది.

"బాబూ, ఈ కొండ మీద కార్తీకం నుంచి మాఘం దాకా మంచు. జేష్టం నుంచి దసరాల దాకా వాన. ఎండ లేనప్పుడు ఆ పలకలేటి సేత్తాయి?"

చక్రధరం గారు కాగితాలు తిరగేశారు. "పథకమునందు ఎండ లేకపోవుటకు అవకాశము కల్పించబడలేదు" అన్నారు.

"మేం కల్పించలేదు బాబూ. దానంతటదే వొత్తాది."

"అట్లు వచ్చిన యెడల లిఖితపూర్వకముగా తెలియజేయవలెను" అని ఆయన టీ గ్లాసు అందుకున్నారు.

మర్నాటి నుంచి నీడ వివరాల పత్రాలు నింపడం మొదలైంది. గుమాస్తా సన్యాసిరావు బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి చెప్పడం, ఆయన రాయడం. పత్రంలో నాలుగో గడి 'ప్రస్తుత నీడ సరఫరాదారు పేరు'. చెట్లు నావే కదా అని ఊళ్ళో అందరూ 'నేనే' అన్నారు. ఆయన రాసుకున్నాడు. తొమ్మిదో గడిలో 'పై సరఫరాదారు తన నీడను స్వచ్ఛందముగా ఉపసంహరించుకొనుచున్నాడు' అని ముందే అచ్చేసి ఉంది. దాని కింద సంతకమో, వేలిముద్రో పెట్టించుకున్నాడు. నాలుగో గడిలో ఉన్నవాళ్ళే తొమ్మిదో గడిలో ఉండాలి. అదే అందులోని నియమం.

"పత్రం ఇవ్వకపోతే పింఛను ఆగుతుందంట" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు గానీ, కాసులమ్మ కూడా వచ్చి వేలిముద్ర వేసి, సిరా పైట చెంగుకి తుడుచుకుంటూ వెళ్ళింది.

ముత్యాలపడాలు వంతు వచ్చింది.

"నీడ సరఫరాదారు పేరు?"

అన్నేళ్ళుగా తనని తాను అడుగుతున్న ప్రశ్నని మొదటిసారి ఇంకొకరు అడిగారు. చెట్లు నాటింది తండ్రి. నీడ తండ్రి చేసింది కాదు. తాను ఏటా కొమ్మలు నరుకుతాడు, అంటే నీడని తగ్గిస్తాడు. తగ్గించేవాడు ఇచ్చేవాడెలా అవుతాడు? అబద్ధం రాయిస్తే పాపం, పైగా అది ప్రభుత్వ కాగితం.

"దేవుడని రాయండి బాబూ" అన్నాడు.

సన్యాసిరావు తలెత్తి చూశాడు. వెనక వరసలో ఇంకా పదిహేను మంది ఉన్నారు. భోజనం వేళ దాటిపోతోంది. ఆయనకిచ్చిన సూచన ఒక్కటే, రైతు చెప్పినది చెప్పినట్టు రాయాలి. రాశాడు.

"తండ్రి పేరు?"

"తెలవదు బాబూ."

"తెలియదు. చిరునామా?"

"అంతటా ఉంటాడంటారు. మా ఇంట్లో అయితే తులసికోట కాడ."

"అంతటా ఉంటాడు, కేరాఫ్ లకే ముత్యాలపడాలు. సరఫరాకి ప్రతిఫలంగా ఏమిస్తున్నావు?"

"ఏటా కొత్త పళ్ళు కోసినప్పుడు ఒక చేటెడు ముందు ఆయన కాడ పెడతాం. అది పెట్టకుండా ఎవలం ముట్టుకోం. మా ఊళ్ళో అందరిదీ అదే ఆచారం."

"వార్షిక చెల్లింపు, వస్తురూపేణ, చేట ఒకటి. బకాయిలు?"

"ఏ ఏడూ తప్పలేదు బాబూ."

"బకాయిలు లేవు. తొమ్మిదో గడిలో సరఫరాదారు సంతకం పెట్టించి తీసుకురా" అని సన్యాసిరావు పత్రం చేతిలో పెట్టి, "తర్వాత!" అని కేక వేశాడు.

అలా మొగలిపుట్టులో ముప్పై తొమ్మిది పత్రాలు సంతకాలతో పైకి వెళ్ళాయి. నలభైయవది, సరఫరాదారు దొరక్క, సంతకం లేకుండా వెళ్ళింది.

నెల తిరక్కుండా రంపాలు వచ్చాయి. మెషీను రంపాలు. నలభై అడుగుల చెట్టుకి ఐదు నిమిషాలు పట్టేది. కొట్టే ముందు చెట్టు మొదట్లో నాలుగు బియ్యం గింజలు వేసి క్షమించమని అడగడం ఊరి అలవాటు. కంట్రాక్టరు మనుషులు దానికి ఒప్పుకున్నారు గానీ, ఒక్కో చెట్టుకి కాకుండా తోట మొత్తానికి ఒకేసారి అడుక్కోమన్నారు. కాసులమ్మ తన తోటకి ఒకేసారి అడిగింది. సాయంత్రానికి ఆమె తోటలోంచి ఆకాశం మొత్తం కనిపించింది.

ఇనప స్తంభాలు దిగాయి. వాటి మీద నల్లటి పలకలు. ప్రారంభోత్సవానికి పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించారు. ఆ పూట మంచు దట్టంగా ఉండి పలకలు కనబడలేదు కాబట్టి, పలకల ఫోటో ఒకటి పట్టుకుని దాని పక్కన నిలబడి ఫోటో దిగారు.

తరవాత ఒక్కొక్కటే బయటపడసాగాయి. చెట్లు పోయాక మిరియాల తీగలు నేలమీద పడ్డాయి. అంతకుముందు అవి చెట్లని అల్లుకుని ఉండేవి. ఇకపై మిరియాల తీగలు ఇనప స్తంభములను అధిరోహించవలెనని ఒక సర్క్యులర్ వచ్చింది. వారం తరవాత తనిఖీకి వచ్చిన చక్రధరం గారు కాసులమ్మని నిలదీశారు.

"సర్క్యులర్ అందలేదా?"

"అందింది బాబూ. తీగకి సదివించి ఇనిపించినాను. ఇనలేదు."

ఆయన తీగ మీద మెమో రాసుకున్నారు.

చెట్లు ఏటా ఆకు రాల్చేవి. అదే కుళ్ళి మొక్కకి ఎరువయ్యేది. పలకలు ఆకు రాల్చవు. దీన్ని పైవాళ్ళు 'ఆకు రాల్పు లోటు' అన్నారు. లోటు భర్తీకి టెండరు పిలిచారు. కింద మైదానం నుంచి లారీల్లో ఎండు జీడిమామిడి ఆకు వచ్చింది, సంచి సంచికీ ముద్ర వేసి. ఒప్పందంలో 'ఆకు పైనుండి రాలవలెను' అని ఉంది కాబట్టి ఇద్దరు కూలీలు నిచ్చెనెక్కి పలకల మీదినుంచి ఆకు చల్లారు. సగం ఆకు పలకల మీదే ఉండిపోయింది. దాన్ని తుడవడానికి ఇంకో టెండరు పిలిచారు.

వానాకాలం వచ్చింది. చెట్టు కింద వాన జల్లుగా దిగేది. పలక మీద పడ్డ నీరంతా అంచుకి చేరి, ఒకే గీతన ధారగా పడి, కాఫీ మొక్కల మొదళ్ళు తవ్వి వేళ్ళు బయటపెట్టింది. కరెంటు సంగతీ అంతే. పలకల్ని దొంగలెత్తుకుపోకుండా పెట్టిన ఎర్ర దీపానికి అది సరిపోయేది. మంచు రోజుల్లో దానికీ చాలక ఊరి లైను నుంచి లాగేవారు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో దీపాలు మినుకుమినుకుమనేవి.

వీటన్నిటి మధ్యా ముత్యాలపడాలు తోట ఒక్కటీ పచ్చగా నిలబడి ఉంది. దానివల్ల ఆయనకి నిద్ర లేదు. రంపాలు ఇవాళో రేపో వస్తాయి. చెట్లు పోతే మొక్కలు మాడతాయి. కొత్త మొక్క కాపుకి రావాలంటే నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ తాను ఘాటు రోడ్డు దిగి ఎవరి మేడకో ఇసక మొయ్యాలి. కొండమ్మకి మోకాళ్ళ నొప్పులు, దిగలేదు, దిగితే ఎక్కలేదు. ఊళ్ళో వాళ్ళ మాటలు మరో పక్క.

"పడాలు బావ పెద్ద లాయరైపోనాడ్రా. దేవుణ్ణే జామీను పెట్టీసినాడు."

"మన సంతకాలు మనమే పెట్టీసినాం. ఈ బావ దేవుడికి సదువు రాదు గావోలు."

తాను తెలివిగా చేసింది ఏమీ లేదని ముత్యాలపడాలుకి తెలుసు. తెలివి ఉంటే అందరిలాగా 'నేనే' అనేవాడు.

చివరికి పిలుపు వచ్చింది. ఘాటు కింద టౌనులో ఆఫీసు. చక్రధరం గారు, ఆయన పక్కన విభాగం న్యాయ సలహాదారు విశ్వంభరం గారు. మధ్యలో ఫైలు.

"ఏమయ్యా, ఎగతాళిగా ఉందా?" అన్నారు చక్రధరం గారు. "ఇంత పెద్ద పథకము నీ ఒక్కని తొమ్మిదో గడి వలన నూరు శాతము కాలేదు. తొంభై ఏడున్నర వద్ద నిలిచిపోయినది. పై నుండి రోజూ ఫోన్లు!"

"తప్పయిపోనాది బాబూ. కొట్టీసి నా పేరు రాసీయండి" అన్నాడు ముత్యాలపడాలు. నిజంగానే భయపడ్డాడు.

విశ్వంభరం గారు చేయి అడ్డం పెట్టారు. "అట్లు వీలుకాదు. ఒకసారి నమోదైన సరఫరాదారును ఆయనకు తెలియకుండ తొలగించుట సహజ న్యాయసూత్రములకు విరుద్ధము. పైగా ఏటేటా ప్రతిఫలము ముట్టుచున్నది, బకాయిలు లేవు. అనగా ఒప్పందము అమలులో ఉన్నది. రేపు ఆయన కోర్టుకు వెళ్ళిన యెడల మనము నిలువలేము."

"ఎవరండీ కోర్టుకు వెళ్ళేది? దేవుడా?" అన్నారు చక్రధరం గారు.

"దేవుడున్నాడా లేడా అను విషయములోనికి మన విభాగము పోరాదు. ఫైలులో ఉన్నాడు. ఫైలులో ఉన్నవాడు ఉన్నట్లే."

దాంతో చక్రధరం గారు కూడా మెత్తబడ్డారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఫైల్లో లేనివాణ్ణి ఆయన ఎన్నడూ నమ్మలేదు. ఫైల్లో ఉన్నవాణ్ణి ఎన్నడూ శంకించలేదు.

మొదటి నోటీసు రిజిస్టరు పోస్టులో వచ్చింది. 'శ్రీ దేవుడు గారికి, మొగలిపుట్టు. ఈ నోటీసు అందిన ముప్పది దినములలోగా మీ నీడను ఏల ఉపసంహరించరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' పోస్టుమాను సంతకం అడిగితే ముత్యాలపడాలు గాభరా పడి, తన పేరు రాసి, పక్కన 'తరఫున కాదు' అని కూడా రాశాడు. కాగితాన్ని తులసికోట గూట్లో పెట్టి, పైన రెండు పూలు పెట్టాడు. ముప్పై రోజులైనా సంజాయిషీ రాలేదు.

రెండో నోటీసుని రామాలయం తలుపుకి అంటించారు. పూజారిని సంతకం చెయ్యమన్నారు. ఆయన తలుపు వెనక నుంచే జవాబిచ్చాడు. "నేను ధూపదీప నైవేద్యాల వరకే బాబూ. దస్తావేజుల అధికారం నాకివ్వలేదు." మూడో నోటీసు పేపర్లో పడింది, గేదె తప్పిపోయిన ప్రకటనకి కింద, ప్లాట్ల అమ్మకానికి పైన.

ఆ తరవాత వ్యక్తిగత విచారణ. ముత్యాలపడాలు, కొండమ్మ పొద్దున్నే స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని మొదటి జీపులో దిగారు. దేవుడి కేసుకి వెళ్తూ ముట్టకూడదని కొండమ్మ టీ కూడా తాగలేదు. తీర్పు ఇవాళే అన్నారు. వ్యతిరేకంగా వస్తే రేపు రంపాలు.

బిళ్ళ బంట్రోతు గుమ్మంలో నిలబడి, ఆనవాయితీ ప్రకారం గొంతెత్తి మూడుసార్లు పిలిచాడు.

"దేవుడు... దేవుడు... దేవుడు హాజరు!"

వరండా నిండా జనం. పింఛన్ల కోసం, పట్టాల కోసం, పేరులో తప్పుల కోసం నెలల తరబడి తిరుగుతున్నవాళ్ళు. ఆ కేక వినగానే ఒకరొకరే లేచి నిలబడ్డారు. ఒక ముసలమ్మ చేతులు జోడించి గుమ్మం కేసి చూసింది. ఇన్నాళ్ళకి పైవాడు తమ ఆఫీసుకి వచ్చాడేమోనని ఆమె ఆశ. ఎవరూ రాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆమె కాసేపు చూసి కూర్చుంది.

"హాజరు కాలేదని రాసుకొనుడు" అన్నారు చక్రధరం గారు ఉత్సాహంగా. "ఏకపక్ష ఉత్తర్వు జారీ చేసెదను."

"ఆగండి" అన్నారు విశ్వంభరం గారు. "నాలుగో గడి క్రింద చిరునామా చూడుడు. 'అంతటా ఉంటాడు' అని రైతు వాంగ్మూలము. దానిని మన గుమాస్తా కొట్టివేయలేదు. అంతటా ఉన్నవాడు ఈ గదిలో లేడని మీరు సంతకము చేసెదరా?"

చక్రధరం గారు కలం పైకెత్తి గదంతా చూశారు. బీరువా వెనక్కి కూడా చూశారు.

"పోనీ హాజరైనాడని వ్రాసెదను."

"వ్రాసిన యెడల హాజరు పట్టీలో సంతకము కావలెను."

గంటసేపు చర్చించి, విచారణని మూడు నెలలు వాయిదా వేశారు. ముత్యాలపడాలు చేతులు జోడించాడు. ఎవరికి జోడించాడో ఆ గదిలో ఎవరూ అడగలేదు.

బయటికొచ్చాక కొండమ్మ టీ తాగుతూ అంది. "మూడు నెల్లంటే పళ్ళు కోసీసుకుంతాం. ఆ పైన సూద్దారి."

చైత్రం వచ్చింది. మంచు లేచింది, వాన లేదు. పలకలకి కావలసిన ఎండ ఏడాది మొత్తంలో అప్పుడొచ్చింది. చెట్లు లేని కొండ పెనంలా కాగింది. పలకల అంచుల దగ్గరున్న కాఫీ మొక్కలు ఆకులు ముడిచి, గోధుమరంగుకి తిరిగి, పుల్లలైపోయాయి. పలకలకీ తేడా చేసింది. ఎండ పెరిగిన కొద్దీ కరెంటు పెరగడానికి బదులు తగ్గసాగింది. ఎర్ర దీపం మిట్టమధ్యాహ్నం ఆరిపోయింది.

దీని మీద అధ్యయనానికి నగరం నుంచి ఒక సలహాదారుని రప్పించారు. ఆయన నాలుగు రోజులు గెస్టుహౌసులో ఉండి, రోజూ పది నుంచి పన్నెండు దాకా ఒక పలక కింద కుర్చీ వేసుకుని చెమటలు తుడుచుకుని, నూట నలభై పేజీల నివేదిక ఇచ్చాడు. దాని సారం ఒక్క వాక్యం. పలకలు అధికముగా వేడెక్కుచున్నందున వాటికి నీడ అవసరము.

చక్రధరం గారు మళ్ళీ బడి వరండాలో మైకు పట్టుకున్నారు. బ్యానరు మారింది. 'పైన నీడ, మధ్య కరెంటు, కింద కాఫీ.'

"సోదర సోదరీమణులారా! విభాగము సుదీర్ఘ పరిశోధన అనంతరము ఒక నూతన ఆవిష్కరణ చేసినది. ప్రతి సౌర పలకకు ప్రక్కనే ఎత్తైన నీడ వృక్షమును పెంచవలెను. ఇందుకు సిల్వరోక్ అను జాతి మిక్కిలి అనువైనదని తేలినది. దానిపై మిరియాల తీగను ప్రాకించిన యెడల అదనపు ఆదాయము. ఆ చెట్టు ఆకు రాల్చును, అది ఎరువగును. మీరు పాత పద్ధతులను విడనాడి, ఈ శాస్త్రీయ పద్ధతిని అవలంబించవలెనని కోరుచున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో కాసులమ్మ ఒక్కతే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పైట చెంగు కళ్ళకి ఒత్తుకుంది.

"నవ్వెదవేల?" అన్నారు చక్రధరం గారు.

"ఏటీ లేదు బాబూ. నా చెట్లు ఏ లారీ ఎక్కినాయో గుర్తుకొచ్చింది. అడ్రసుంటే ఎనక్కి రమ్మని ఉత్తరం రాద్దునని."

ఆయన ఒక కవరు తీసి ముత్యాలపడాలుని ముందుకు పిలిచారు. కొత్త పద్ధతికి నమూనా క్షేత్రం ఒకటి కావాలి. మొక్క నాటి పెంచాలంటే ఎనిమిదేళ్ళు, పై నుంచి ఇచ్చిన గడువు ఎనిమిది రోజులు. నూట ఎనభై ఆరు చెట్లు నిలబడి ఉన్న తోట కొండ మీద ఒక్కటే మిగిలింది. దానికి పేరు పెట్టేశారు కూడా. 'శాస్త్రీయ నీడ ప్రదర్శన క్షేత్రం, మొదటి దశ. పలకలు తరువాత.'

కవర్లో ఉత్తర్వు ఉంది. సన్యాసిరావు పైకి చదివాడు. "శ్రీ దేవుడు గారిపై తీసుకొనదలచిన చర్యలన్నియు విరమించుకొనడమైనది. వారి నీడ పరిశీలించబడి, ప్రమాణములకు అనుగుణముగా ఉన్నట్లు గుర్తించబడినది. సేవలు సంతృప్తికరము. కావున వారిని ప్రస్తుత సరఫరాదారుగా మరి మూడు సంవత్సరములు తాత్కాలిక ప్రాతిపదికన కొనసాగించడమైనది. పొడిగింపు విషయము తదుపరి పనితీరును బట్టి పరిశీలించబడును."

ముత్యాలపడాలు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. మూడేళ్ళు. చెట్లు నిలిచాయి. తల తిప్పి చూస్తే, వరండా మెట్ల మీద కాసులమ్మ ఒంటరిగా దిగిపోతూ కనిపించింది. ఆ సంతోషం అక్కడే ఆగింది.

ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"ఏటైంది?" అంది కొండమ్మ.

"పెద్ద తుఫానొచ్చిన ఏడు జ్ఞాపకముందా? మన తోటలో తూరుపు వరస ముప్పై చెట్లు పడిపోనాయి."

"అయితే?"

"వదిన తన తోటలోంచి ముప్పై మొక్కలు పెళ్ళగించి, గంపకెత్తి, తనే మోసుకొచ్చి ఇచ్చింది. మీదటేడు వానలకి తిరిగిచ్చేత్తానన్నాను. తొమ్మిదేళ్ళయిపోనాది. ఏ ఏడుకా ఏడు, ఆమెకి సెట్లున్నాయి కదా, తొందరేటనుకున్నాను. ఆమె ఒక్కనాడైనా అడగలేదు."

కొండమ్మ అన్నం మీద మూత పెట్టింది. "పారెక్కడుందో ఎతుకు మరి" అంది.

తొలకరి పడి నేల మెత్తబడిన రోజున, ముత్యాలపడాలు తోటలో పెద్ద చెట్ల కింద గింజ రాలి తమంతట తాము మొలిచిన మొక్కల్ని మట్టిగడ్డతో సహా లేపాడు. మోకాలెత్తువి, వేరు తెగనివి ఏరి, గంపలో పేర్చి, పైన తడిగోనె కప్పి నెత్తికెత్తుకుని రాళ్ళగట్టు దాటాడు. కాసులమ్మ పలకల వరసల మధ్య మాడిన కాఫీ పుల్లల్ని కొడవలితో కోసి కుప్ప వేస్తోంది. గంప దించుతుంటే చూసి నడుం నిటారు చేసింది.

"ఏటి మరిదీ, సర్కారోళ్ళ నూతన ఆవిష్కరణా?"

"కాదొదినా. నీదే. తుఫాను ఏడుది."

ఆమె గోనె తీసి, ఒక్కొక్క మొక్కనీ కిందపెడుతూ ముప్పై దాకా లెక్కపెట్టింది. ఒకదాని ఆకుని వేళ్ళతో తడిమింది.

"ఈ పలకల కాడ నాటితే ఆళ్ళు ఊరుకుంతారా?"

"ఊరుకోడమేటి, ఫోటో తీసుకుంతారు. పలకకి నీడ గావాలని కాయితమే ఇచ్చినారు గదా. నువ్వు పలక కోసం నాటినట్టే నాటు. కింద కాఫీ సంగతి ఆళ్ళకెందుకు?"

కాసులమ్మ పలక మొదట్లో గొయ్యి తీసింది. ముత్యాలపడాలు మొక్క నిలబెట్టాడు, ఆమె మట్టి కప్పి మడమతో అదిమింది. మధ్యాహ్నం తిరిగేసరికి ముప్పై పూర్తయ్యాయి. ఆయన చేతులు కడుక్కుని, ఖాళీ గంప చంకన పెట్టుకుని గట్టు వైపు నడిచాడు.

"మరిదీ" అని వెనకనుంచి పిలిచింది. "గంప ఎక్కడికి అట్టుకెల్తన్నావు?"

ముత్యాలపడాలు ఆగి గంప వైపు చూశాడు.

"అది నాదే. ఆనాటి మొక్కల్తో పాటు ఇచ్చిందే. అంచు మీద సారల సారల అల్లిక సూడు, మా యమ్మ అల్లింది."

చూశాడు. నిజమే. తొమ్మిదేళ్ళుగా అందులోనే పళ్ళు కోసుకుంటున్నాడు.

"అడుగు రెండు మాట్లు నానే అల్లించినానొదినా" అన్నాడు.

"అల్లించకపోతే ఎవలల్లిత్తారు, వాడుకున్నోడివి?" అంది కాసులమ్మ.

ముత్యాలపడాలు వెనక్కి వచ్చి, గంపని దులిపి ఆమె చేతికిచ్చి, ఉత్త చేతులూపుకుంటూ గట్టు దాటాడు.